ఒకటి, సున్నా, సింహాద్రి అప్పన్న

దేవుడెవరో తేల్చుకోవాలని పగలంతా పుస్తకాలు తిరగేసిన తొమ్మిదేళ్ల పిల్లవాడికి రాత్రి కలలో ఒకటీ, సున్నా ప్రత్యక్షమై మాట్లాడతాయి. ఈ లోకమంతా తమ ఇద్దరితోనే నడుస్తోందన్న ఎరుక వాడికి కలిగిస్తాయి. తెల్లవారి లేచేసరికి ఆ పిల్లవాడు ఒక కొత్త మతానికి మూలపురుషుడు. 'యంగ్ షెల్డన్' అనే అమెరికన్ హాస్య ధారావాహిక మొదటి సీజనులో, 2018 ఆరంభంలో వచ్చిన పదకొండో భాగానికి ఆయువుపట్టు ఈ కలే. ఆ భాగం పేరు తెలుగులో చెప్పుకుంటే 'దయ్యాలు, సండే స్కూలు, ప్రధాన సంఖ్యలు' అవుతుంది. ఈ ధారావాహికలో చాలా భాగాలకు ఇలాగే, ఒకదానితో ఒకటి పొంతన లేని మూడింటిని పక్కపక్కన కూర్చోబెట్టి పేరు పెట్టారు. కలలో వస్తువులు కూడా అలాగే చేరతాయి కనుక, పేరు దగ్గరే ఈ భాగం నన్ను పట్టేసింది.

చూడనివారి కోసం నాలుగు మాటలు. 2017 సెప్టెంబరు 25న మొదలై 2024 మే 16న ముగిసిన ఈ ధారావాహిక ఏడు సీజన్లలో 141 భాగాలు నడిచింది. కథాకాలం 1989లో మొదలవుతుంది. స్థలం టెక్సాస్ తూర్పు భాగంలోని మెడ్‌ఫర్డ్ అనే కల్పిత పట్టణం. షెల్డన్ తొమ్మిదేళ్లకే హైస్కూలులో చేరిన మేధావి. తండ్రి ఫుట్‌బాల్ కోచ్, తల్లి మేరీ బాప్టిస్టు చర్చికి అంకితమైన భక్తురాలు. ఆ తల్లి పాత్ర వేసిన జోయీ పెర్రీ, మాతృక అయిన 'ది బిగ్ బ్యాంగ్ థియరీ'లో అదే తల్లిగా పెద్ద వయసులో కనిపించిన లారీ మెట్‌కాఫ్‌కు సొంత కూతురు. గొంతులో, చూపులో ఆ పోలిక తెలిసిపోతూనే ఉంటుంది.

కథ ఒక ఆటతో మొదలవుతుంది. షెల్డన్ తన స్నేహితులతో కలిసి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆడతాడు. 1974లో వచ్చిన ఈ ఆటలో పిల్లలు బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, తామే వీరులమై రాక్షసులతో పోరాడుతున్నట్టు కథ అల్లుకుంటారు. ఇందులో దయ్యాలున్నాయి, పిల్లల బుద్ధి పాడైపోతుందన్న భయం 1980లలో అమెరికాలోని క్రైస్తవ కుటుంబాల్లో గట్టిగానే వ్యాపించింది. మేరీని పట్టుకున్నదీ ఆ భయమే. ఆమె పిల్లలను సండే స్కూలుకు పంపుతుంది. అక్కడ షెల్డన్ ఊరుకునే రకం కాదు కదా, పాస్టరుగారిని ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేస్తాడు. అంతటితో ఆగక, ఒక్క మతం చదివి తేల్చడం శాస్త్రీయం కాదని మిగతా మతాల మీద పడతాడు. దేవుణ్ణి నమ్మకపోయినా అమ్మ కోసం ఆదివారం చర్చికి వెళ్లే పిల్లవాడతను. అందుచేత ఈ వెతుకులాటలో తలపొగరు కన్నా, అమ్మకు అంత ముఖ్యమైనది తనకెందుకు అందడం లేదన్న ఆరాటమే ఎక్కువ కనిపిస్తుంది. ఆ ఆరాటం మీదనే కల వస్తుంది.

ఈ కలను నేను మెచ్చుకోవడానికి కారణం అందులోని పొదుపు. మన తెర మీద కల అంటే చాలాకాలంగా ఒక పాట. నాయికా నాయకులు కొండల మధ్యకు వెళ్లి, నాలుగు జతల బట్టలు మార్చుకుని వస్తారు. హాస్య ధారావాహికల్లోనైతే కల అనగానే రచయితలకు పట్టపగ్గాలుండవు, దేన్నయినా తెచ్చి పడేయవచ్చుననుకుంటారు. ఇక్కడ అలా జరగలేదు. పిల్లవాడు పగలు దేని గురించి ఆలోచించాడో రాత్రి అదే వచ్చింది, కాకపోతే వాడికి చనువున్న వేషంలో వచ్చింది. రెక్కల దేవదూతలు దిగి ఉంటే అవి అమ్మ కలలోంచి తప్పిపోయి వచ్చిన బొమ్మల్లా ఉండేవి. అంకెలు దిగాయి కాబట్టి అది అచ్చంగా షెల్డన్ కల. చిత్రీకరణ పద్ధతి కూడా దీనికి కలిసివచ్చింది. మాతృక ధారావాహికను స్టూడియోలో ప్రేక్షకులను కూర్చోబెట్టి, నాలుగైదు కెమెరాలతో తీసేవారు. నవ్వులు కూడా వినిపించేవి. దీన్ని మాత్రం సినిమాలాగా ఒకే కెమెరా పద్ధతిలో, నవ్వుల శబ్దం లేకుండా తీశారు. కలలో అంకె నోరు విప్పిన క్షణాన వెనకనుంచి జనం గొల్లుమంటే, ఆ పిల్లవాడి భక్తి మన కళ్ల ముందే గాలికి పోయేది. అక్కడ నవ్వాలో వద్దో చూసేవాళ్లకే వదిలేయడం వల్ల, మా ఇంట్లో ముగ్గురం మూడు చోట్ల నవ్వాం.

ఆ ముగ్గురూ ఎవరంటే, మా అమ్మ, మా అక్క కూతురు, నేను. విశాఖపట్నంలో మా హాలులో, అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, మేనకోడలు రిమోటు చేతబట్టుకుని మధ్యమధ్య ఆపి అమ్మమ్మకు మాటలు తెలుగులో చెబుతూ చూశారు. లెక్కల్లో తన వయసుకు మించిన చురుకున్న పిల్ల కాబట్టి షెల్డన్ పక్షం వహిస్తుందనుకున్నాను. వాడికి మర్యాద తెలియదని మొదటి అయిదు నిమిషాల్లోనే తీర్పు చెప్పేసింది. అమ్మకు మాత్రం మొత్తం గొడవే అర్థం కాలేదు.

"లెక్కలు మాత్రం దేవుడివి కావా? ఆవిడ ఎందుకే అంత బెంగపడిపోతోంది?" అంది.

"వాళ్ల దేవుడు వేరు అమ్మమ్మా. ఆయన లెక్కలు చూడడు."

"చూడకపోతే పాపపుణ్యాలు ఎలా తేలుస్తాడు? చిత్రగుప్తుడి లాంటి గుమాస్తా అయినా ఉండాలి కదా."

ఈ భాగంలోని హాస్యమంతా ఒక గోడ మీద ఆధారపడి నిలబడింది. గోడకు ఒకవైపు అమ్మ విశ్వాసం, మరోవైపు కొడుకు గణితం. కొడుకు అటునుంచి రాళ్లు విసిరి, చివరకు తన వైపే ఒక గుడి కట్టుకుంటాడు, అదే తమాషా. మా అమ్మ లాంటి ప్రేక్షకురాలికి ఆ గోడ కనబడదు. కనబడనప్పుడు దాన్ని దూకడంలోని సాహసం కూడా కనబడదు. ఆవిడకు నవ్వొచ్చింది వేరే చోట: అంకెలు అంత పెద్దగా ఎదురొచ్చి నిలబడితే పిల్లవాడు కనీసం దణ్ణమైనా పెట్టలేదేమిటా అని.

నిజానికి ఆ గోడ పడమటి దేశాల్లోనూ మొదటినుంచీ లేదు. షెల్డన్ కలకు సొంతదారు వేరొకరున్నారు. జర్మన్ గణితవేత్త లైబ్నిట్జ్ ఒకటీ సున్నాలతోనే అంకెలన్నీ రాయగల ద్విసంఖ్యామానాన్ని వివరిస్తూ 1703లో వ్యాసం ప్రచురించాడు. అంతకు ముందే, 1697లో, బ్రన్స్‌విక్ డ్యూక్‌కు కొత్త సంవత్సరం శుభాకాంక్షలు రాస్తూ, ఈ పద్ధతి మీద ఒక పతకం పోయించవచ్చునని సూచించాడు. ఒకటి అంటే దేవుడు, సున్నా అంటే శూన్యం. శూన్యంలోంచి దేవుడు సమస్తాన్నీ సృష్టించాడనడానికి ఇంతకన్నా చక్కని బొమ్మ లేదన్నది ఆయన వాదం. కలలో పిల్లవాడికి బోధపడిన సంగతిని ఆ పెద్దాయన మెలకువగా ఉండే, పరమ భక్తితో చెప్పాడు. మేరీకి ఈ ఉత్తరం ఎవరైనా చదివి వినిపించి ఉంటే ఆ ఇంట్లో గొడవ ఆ పూటకు సద్దుమణిగేది, కానీ ఇరవై నిమిషాల హాస్యం చేజారిపోయేది.

ఈ ఒకటీ సున్నాల సంగతి విని అమ్మ చేతిలోని చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. ఆవిడ బడిలో తెలుగు చెప్పి రిటైరయిన మనిషి. "ఇది మా గురువు లఘువు కదా" అంటూ 'యమాతారాజభానసలగం' చెప్పి, ఒక్కొక్క గణాన్నీ ఎలా విడదీయాలో మనవరాలికి చూపించింది. య గణానికి యమాతా, అంటే లఘువు, గురువు, గురువు. మ గణానికి మాతారా, మూడూ గురువులే. న గణానికి నసల, మూడూ లఘువులే. పిల్ల క్యాలెండరు కాగితం వెనక గురువుకు ఒకటీ లఘువుకు సున్నా వేసుకుంటూ పోయింది. మూడు స్థానాల్లో రెండు గుర్తులతో ఎనిమిది అమరికలే సాధ్యం, ఎనిమిది గణాలూ సరిగ్గా అవే. అక్కడితో ఆగి ఉంటే పాఠం అయిపోయేది. కానీ పది అక్షరాల ఆ ఒక్క మాటలో వరసగా ఏ మూడు అక్షరాలు తీసుకున్నా ఒక గణం వస్తోందనీ, ఎనిమిదీ తలా ఒక్కసారే వస్తున్నాయనీ తనంతట తానే గమనించి, "అమ్మమ్మా, ఇది ఎవరు కనిపెట్టారు?" అని అడిగింది. రెండు వేల ఏళ్లకు పైబడిన పింగళుడి ఛందశ్శాస్త్రంలో గురులఘువుల అమరికలను వరసపెట్టి రాసే ప్రస్తారం ఉంది. దానికి వెనకనున్న ఆలోచన నేటి ద్విసంఖ్యామానమే. మన పిల్లలు ఉత్పలమాలకు గణవిభజన చేసేటప్పుడు చేస్తున్న పని ఇదేనని బడిలో ఒక్క ముక్క చెబితే, ఛందస్సుకు భయపడేవాళ్లు సగానికి సగం తగ్గుతారని నా నమ్మకం.

కలలో లెక్కలు కనిపించడం అనగానే తెలుగు, తమిళ ఇళ్లలో అందరికీ గుర్తొచ్చేది శ్రీనివాస రామానుజన్. నామక్కల్ నామగిరి అమ్మవారే తనకు కలలో గణితం చూపిస్తుందని ఆయన స్నేహితులతో అనేవాడు. ఆయన వర్ణించిన ఒక కల అన్నిటికన్నా విచిత్రమైనది. నెత్తురు ప్రవహిస్తున్నట్టున్న ఎర్రని తెర. తదేకంగా చూస్తుండగా ఒక చెయ్యి వచ్చి దాని మీద ఎలిప్టిక్ సమాకలనాలు రాయడం మొదలుపెట్టింది. మెలకువ రాగానే గుర్తున్నవన్నీ ఆయన కాగితం మీద పెట్టాడు. ఏ హాస్య రచయితా ఇంత దూరం పోడు. అయితే ఆ నెత్తురు ఆ ఇంట భయపడవలసిన సంగతి కాదు. నామగిరి అమ్మవారు నరసింహస్వామి దేవేరి. కలలో నెత్తుటి బొట్లు కనిపించడం ఆ స్వామి అనుగ్రహానికి గుర్తని రామానుజన్ నమ్మకం. ఈ మాట చెప్పగానే అమ్మ ముఖం వెలిగిపోయింది. నరసింహుడంటే మాకు సింహాచలం అప్పన్నే. ఏడాది పొడుగునా చందనం కప్పుకుని ఉండి, వైశాఖంలో అక్షయ తృతీయనాడు మాత్రమే నిజరూపం చూపించే స్వామి. వీధిలో నిలబడి అప్పలరాజూ అని పిలిస్తే నలుగురు తిరిగి చూసే ఊరు మాది. "అయితే ఆ లెక్కలన్నీ మన ఇంటివే" అని అమ్మ తేల్చేసింది.

ఆ చుట్టరికానికి ఇంకో ముడి కూడా ఉంది. కుంభకోణం కాలేజీలో గణితం తప్ప మరేదీ చదవక ఉపకారవేతనం పోగొట్టుకున్న రామానుజన్, 1905 ఆగస్టులో ఇంట్లో చెప్పకుండా పారిపోయి పట్టిన దారి విశాఖపట్నం దారే. అప్పటికి ఆయన వయసు పదిహేడేళ్లు. ఆ తరువాత 1912లో మద్రాసు పోర్ట్ ట్రస్టులో గుమాస్తాగా కుదిరాడు. చిత్రగుప్తుడి లాంటి గుమాస్తా అని అమ్మ అన్నప్పుడు నాకు మనసులో మెదిలింది ఆయనే. 1913 జనవరిలో కేంబ్రిడ్జికి ఆయన రాసిన ఉత్తరం అందుకున్న ఆంగ్ల గణితవేత్త హార్డీ పచ్చి నాస్తికుడు కావడం, దేవత చెప్పిన గణితాన్ని లోకానికి చాటే పని అతని నెత్తిన పడడం చూస్తే, మేరీ, షెల్డన్‌ల కథను ఎవరో తలకిందులు చేసి ముందే రాసిపెట్టినట్టుంది. అక్కడ నమ్మేవాడే లెక్కలు చేశాడు, నమ్మనివాడు సరిచూశాడు.

షెల్డన్ మిగతా మతాలను చదివే ఘట్టం త్వరత్వరగా గడిచిపోతుంది. ఇరవై నిమిషాల నిడివిలో అంతకన్నా కుదరదు కూడా. కానీ వాడికి అవన్నీ పుస్తకాల్లోనే దొరకాలి. అదే వాడి ఒంటరితనం. మా పాతపట్నం పిల్లలు రేవు దగ్గర నిలబడి తలెత్తితే చాలు, పక్కపక్కనే మూడు కొండలు: ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరుడు. దర్గాకు మొక్కుకునేవారిలో అన్ని మతాలవారూ ఉంటారు. ఇలాంటి చోట పుట్టి ఉంటే షెల్డన్ కొత్త మతం పెట్టకపోయేవాడని అనను. పిల్లవాడి తత్వం అది. నాలుగో కొండ ఎక్కడుందని మాత్రం తప్పకుండా అడిగేవాడు.

వాడు పెట్టిన మతం పేరు మ్యాథాలజీ. అక్కడ ప్రధాన సంఖ్యలకు పెద్దపీట. మా మేనకోడలు రిమోటు నొక్కి ఆపి, అభ్యంతరం చెప్పింది ఇక్కడే. ప్రధాన సంఖ్య అంటే ఒకటీ, తానూ తప్ప వేరే భాజకాలు లేనిది. ఆ వరస రెండుతో మొదలవుతుంది. ఒకటి ప్రధాన సంఖ్య కాదు, సున్నా అసలే కాదు. అంటే కలలో వచ్చి ఉపదేశం చేసిన ఇద్దరికీ ఆ మతంలో చోటు లేదు. రచయితలు ఇది ఆలోచించి పెట్టిన చమత్కారమో, తెలియక జరిగిందో గానీ, నాకు మాత్రం మొత్తం భాగంలో ఇదే అతి చక్కని పొరపొచ్చం. చూపించినవాడు ఒకరు, పీఠమెక్కినవాళ్లు వేరొకరు. పెద్దల మతాల్లో ఇది జరగదా?

తొమ్మిదేళ్ల పిల్లవాడికి ఇంత కుదురైన కల వస్తుందా అనే అనుమానం ఒకటుంది. దీనికి డేవిడ్ ఫూక్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త పరిశోధనలు పనికొస్తాయి. పిల్లలను ప్రయోగశాలలో పడుకోబెట్టి, కళ్లు రెప్పల కింద చురుగ్గా కదిలే నిద్ర దశలో లేపి, ఏం కల వచ్చిందని ఆయన ఏళ్ల తరబడి అడిగాడు. బడికి వెళ్లని వయసు పిల్లలు చాలాసార్లు ఏమీ చెప్పలేకపోయారు; చెప్పినా కదలిక లేని చిన్న బొమ్మల్లాంటి కలలే. తానే పాత్రగా ఉండి ఏదో ఒకటి చేసే, కథలా సాగే కలలు ఏడు, తొమ్మిదేళ్ల మధ్యలో గట్టిపడతాయి. ఇంకా ఆశ్చర్యం, కలలు ఎక్కువగా చెప్పగలిగినవాళ్లు మాటకారి పిల్లలు కారు. రంగు చెక్కముక్కలను పేర్చి ఇచ్చిన నమూనాను తయారుచేయడంలో దిట్టలైన పిల్లలు. కాబట్టి అంకెలను ఆకారాలుగా చూసే షెల్డన్‌కు ఈ కల సరైన వయసులోనే వచ్చింది. ఆ నిద్ర దశ తెల్లవారే కొద్దీ నిడివి పెరుగుతుంది. తెల్లవారుజాము కలలు అంత వివరంగా గుర్తుండడానికి కారణం అదే. అవి నిజమవుతాయన్న మాట అమ్మ ఖాతాలోది.

తమ కల చెప్పమని పిల్లలను అడిగితే చాలామంది ఏదో ఒకటి అల్లుతారు. మా పిల్ల అడక్కుండానే, ఆ వారంలోనే ఒక ఉదయం పళ్లు తోముకుంటూ వచ్చి చెప్పింది. అది 28వ నంబరు బస్సు. కండక్టరు ఒకటి, రెండు, నాలుగు, ఏడు, పద్నాలుగు అని పిలుస్తున్నాడు. ఆ పేరున్నవాళ్లు మాత్రమే ఎక్కుతున్నారు. ఇరవై ఎనిమిదిని శేషం లేకుండా భాగించేవి, అది తప్ప, ఆ అయిదే. అయిదింటినీ కూడితే మళ్లీ ఇరవై ఎనిమిదే వస్తుంది. అలాంటివాటిని పరిపూర్ణ సంఖ్యలంటారని నేను వివరించబోతుంటే, అది తనకు తెలుసునన్నట్టు చెయ్యి ఊపి, అసలు సంగతి అది కాదంది. ఆడవాళ్ల సీట్లో సముద్రం కూర్చుందట.

"సముద్రానికి టికెట్ కొట్టారా?" అని అడిగింది అమ్మ, పొయ్యి దగ్గరనుంచే.

"లేదమ్మమ్మా, దానికి పాసుంది."

అమ్మ పొయ్యి కట్టేసి, అద్దాలు పెట్టుకుని, పంచాంగంలో స్వప్న ఫలాల పేజీ తీసింది. సముద్రానికి ఫలం దొరికింది, శుభమే. ఇరవై ఎనిమిది గురించి, బస్సు గురించి మాత్రం అందులో ఏమీ లేదు. పంచాంగకర్తలు ఇంకా ఏనుగు, గుర్రం, పల్లకీ దగ్గరే ఉన్నారు.